పలక పట్టుకున్న ఫోటో

నా పేరు నాగజ్యోతి. తెనాలి స్టేషన్ దగ్గర సందులో, ఒక జిరాక్సు షాపు పైన, పదడుగుల గదిలో నా ఆఫీసు. ఆఫీసంటే నేనూ, ఒక కంప్యూటరూ, ఒక కాలు పొట్టిగా ఉన్న టేబులూ. నాలుగైదు సంఘాలకూ రెండు స్కూళ్లకూ వెబ్‌సైట్లు చూసిపెడుతుంటాను. చూడటమంటే పెద్ద చదువులు కావాల్సిన పనేం కాదు. వాళ్లు పంపిన కాగితాలూ ఫోటోలూ ఎక్కించాలి, పాతబడినవి తీసెయ్యాలి, ఎక్కడివక్కడ సర్దాలి. మా ఇంట్లోవాళ్లు దీన్ని కంప్యూటర్లో కసువూడవడం అంటారు. నాకు కోపమొస్తుంది గానీ, ఆ మాటలో అబద్ధం లేదు.

కుదురుగా కూర్చునే మనిషిని కాను నేను. కాలు ఊపుతూనే ఉంటాను, చేతిలో పెన్ను తిప్పుతూనే ఉంటాను, ఒక పని సగంలో ఉండగానే ఇంకోటి మొదలుపెడతాను. జూన్ పద్నాలుగొస్తే ఇక చెప్పక్కర్లేదు. ఆ రోజు నాకు ఏడాదికొకసారి వచ్చే గండం.

రేపల్లె అవతల రేవులో బోటు యజమానుల సంఘం ఒకటుంది. వేట నిషేధం ఆ రోజు అర్ధరాత్రితో తీరిపోతుంది. ఆలోపు ప్రతి యజమానీ తను బతికి ఉన్నట్టు, బోటు తన చేతిలోనే ఉన్నట్టు సంఘానికి చూపించుకోవాలి. దానికి వాళ్లదొక పద్ధతి. బోటు ముందు నిలబడి, ఆ రోజు తేదీ సుద్దముక్కతో రాసిన పలకని గుండెలకి ఆనించి పట్టుకుని ఫోటో దిగాలి. దాన్ని నాకు వాట్సాప్‌లో పంపితే, నేను సైట్లో వాళ్ల పేజీకి ఎక్కిస్తాను. పేజీ పచ్చగా మారుతుంది. సాయంత్రం ఐదింటికి సైటు దానంతటదే తాళం వేసుకుని, జాబితాని బాపట్లలో ఆఫీసుకి పంపేస్తుంది. పచ్చగా ఉన్న బోటు వేటకి పోతుంది. ఎర్రగా ఉన్నది సీజనంతా ఒడ్డునే. ఐదు దాటాక మార్చడం నా చేతిలో కూడా ఉండదు.

రెండొందల పన్నెండు బోట్లు. అందులో సగం మందికి ఫోటో దిగడానికి బద్ధకం. “నిరుటిదే సర్దెయ్యమ్మా” అంటారు. నేను సర్దేస్తాను. పాత ఫోటోలో పలక మీద తేదీ చెరిపి కొత్తది రాస్తాను. సుద్దముక్క రాతని కంప్యూటర్లో రాయడం నాకు బాగా వచ్చు. తప్పే, కాదనను. అందరికీ తెలిసిన తప్పు, అందరికీ పని జరిగిపోయే తప్పు.

నూట పదిహేడో నంబరు బోటు సింగయ్యది. మూడేళ్లుగా ఆయన కొడుకు నాగశివ ఫోన్ చేస్తున్నాడు. “అక్కా, నాన్నకి ఒంట్లో బాగాలేదు. పాత ఫోటో మీదే తేదీ మార్చక్కా.” మారుస్తూ వచ్చాను. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు, ఫోటోలో తప్ప. గళ్ల చొక్కా, ఎత్తికట్టిన లుంగీ, నెరిసిన మీసం కింద గట్టిగా మూసిన పెదాలు. ఫోటో తీస్తున్నవాళ్ల మీద చిరాకు పడుతున్న మొహం.

ఈ ఏడు సైటు రూపు మార్చాం. పలక తీసేసి, గుండ్రటి చట్రంలో యజమాని మొహం, కింద తేదీ. అంతే. ఆ రోజు పొద్దున పదింటికే సింగయ్య పాత ఫోటో తెరిచి, మొహం చుట్టూ గుండ్రంగా కత్తిరించి, ఎక్కించేశాను. నిమిషం పట్టలేదు.

పన్నెండు దాటాక ఆమె వచ్చింది.

మెట్లెక్కి ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడింది. యాభై దాటి ఉంటాయి. ముక్కుకి రెండు వైపులా పుడకలు, నుదుట రూపాయంత బొట్టు, చేతిలో బట్టసంచి.

“కంప్యూటరమ్మాయివి నువ్వేనా?”

“అవునండి. కూర్చోండి పిన్నీ. ఎవరి తాలూకండి?”

“నూట పదిహేడు. సింగయ్య పెళ్లాన్ని. మస్తానమ్మంటారు.”

నేను కళ్లు స్క్రీన్ మీంచి తిప్పకుండానే మర్యాదకి అడిగాను. “సింగయ్య గారికి ఎలా ఉందండీ ఇప్పుడు?”



“ఎట్టా ఉండటమేంటమ్మా? సముద్రంలో పోయి మూడున్నరేళ్లాయె.”

ఊగుతున్న నా కాలు ఆగిపోయింది.

స్టూలు మీద కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని చెప్పింది. డిసెంబరు నెల, వల ఎత్తుతుండగా పడిపోయాడు. నాలుగు బోట్లు మూడు రోజులు వెతికాయి. దొరకలేదు. శవం లేకపోతే చచ్చిపోయినట్టు కాగితం ఇవ్వరు. సంగతి పైకి చెబితే విచారణ అని బోటు కట్టేస్తారు. కొడుకు ఎవరికీ చెప్పొద్దన్నాడు. పేటలో అందరికీ తెలుసు, కాగితాల్లో మాత్రం ఎక్కడా లేదు.

“చచ్చాడని కాగితం లేదు తల్లీ. బతికున్నాడని నువ్వు పెట్టే కాగితం ఉంది. ఇంక కర్మ ఎట్టా చేస్తాం? నా బొట్టెట్టా తీస్తాను?”

 సిగ్గేసింది, భయం కూడా వేసింది. నా ఉద్యోగం గురించి వేసిన భయమే అది, దాచుకోవడం దేనికి.

“ఈ ఏడు ఆ ఫోటో పెట్టొద్దని చెబుదామని వచ్చా. నగరం ఊరి దాకా ఆటో, అక్కణ్ణుంచి రేపల్లె, ఆపైన రైలు. ఫోన్లో చెప్పే మాట కాదు.” ముందుకి వంగింది. “ఇంకా పెట్టలేదుగా?”

“లేదండి,” అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. తప్పు చేసి దొరికిపోయినప్పుడు నోరు ముందు అనే మాట అదే కదా.

ఆమె ఊపిరి వదిలింది. చీర కొంగుతో మెడ తుడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించి, గోడకి చెవులున్నట్టు చెప్పింది.

“నువ్వు పెట్టిన రోజు వస్తన్నాడమ్మా.”

“ఎవరండి?”

“ఆయనే. చీకటి పడే ముందు.”

కింద జిరాక్సు మిషను చప్పుడు వినిపిస్తోంది. వీధిలో ఆటోవాడు రేపల్లె, రేపల్లె అని అరుస్తున్నాడు. ఆ చప్పుళ్లన్నీ ఉన్నందుకు నాకు సంతోషంగా ఉంది.

“మొదటేడు మామూలుగానే వచ్చాడు. అదే చొక్కా, అదే లుంగీ, గుండెల మీద పలక. నేను ఏడుస్తా ఎదురెళ్లా. అన్నం పెట్టా. తినలేదు. నోరు తెరవడు. ఆకలంటాడు... నోరు తెరవకుండానే. ఎక్కడ్నించో వినపడతది మాట. నేను లోపలికెళ్లినా, పక్కకెళ్లినా, వెనక్కెళ్లినా నాకు ఎదురుగానే ఉంటాడు. వీపు లేదమ్మా ఆయనకి.”

మొదటేడు నేను తేదీ ఒక్కటే మార్చాను. ఆ ఫోటోలో నోరు మూసి ఉంది. వీపు ఎలా ఉంటుంది?

“రెండో ఏడు మోకాళ్ల కింద లేదు. గుమ్మంలో గాలిలో నిలబడ్డట్టు ఉన్నాడు. అరుగు ఎక్కలేకపోయాడు.”

రెండో ఏడు సైటువాళ్లు ఫోటో కొలత తగ్గించారు. పొడవు ఎక్కువైందని కింద కత్తిరించాను. ఎక్కడ కత్తిరించానో నాకు బాగా గుర్తుంది. లుంగీ అంచు దగ్గర.

“మూడో ఏడు...” మస్తానమ్మ రెండు చేతులూ మొహం ముందు ఆడించింది, ఏదో చెదరగొడుతున్నట్టు. “మొగం గళ్లుగళ్లుగా చెదిరిపోయింది తల్లీ. కళ్లేవో, ముక్కేదో తెలవలా. తెల్లారేదాకా ఆకలి, ఆకలి అంటానే ఉన్నాడు. మా నాగశివ దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు.”

మూడో ఏడు ఫైలు బరువు వంద కేబీ దాటకూడదన్నారు. నేను ఫోటోని పిండి పిప్పి చేశాను. మొహం చెదిరిపోయిందని నాకూ కనిపించింది. ఎవరు చూస్తార్లే అనుకున్నాను.

 పొద్దున పదింటికి నేను చేసిన పని కళ్ల ముందు కదిలింది. గుండ్రంగా... మెడ దగ్గర... కత్తిరించి...

“పిన్నీ, ఒక్క నిమిషం,” అని కీబోర్డు దగ్గరకి లాక్కున్నాను. ఆమెకి తెలియకుండా తీసేద్దామని. అబద్ధం బయటపడకుండా పని అయిపోతుందని.

అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాను గిర్రున తిరిగి ఆగింది. కింద జిరాక్సు మిషను ఆగింది. నా ఇన్వర్టరు కీచుమని, కంప్యూటర్ని మాత్రం నిలబెట్టింది. బయట ఎప్పుడు కమ్మిందో మబ్బు, గది మసకబారింది. ఆటోవాడి అరుపు లేదు. సందులో ఒక్క చప్పుడు లేదు.

వాసన ముందు వచ్చింది. తడిసిన సుద్దముక్క వాసన. దానికింద ఉప్పు, డీజిలు, చాలారోజులు మూతపెట్టిన వల వాసన.

మస్తానమ్మ నా వైపు చూడటం లేదు. నా తల పైనుంచి, నా వెనకున్న కిటికీ వైపు చూస్తోంది. అది మొదటి అంతస్తు. కిటికీ బయట నిలబడటానికి చోటు లేదు.

“పెట్టేశావా?” అంది. గుసగుసగా.

నేను కీబోర్డు వైపు తల దించుకున్నాను.

“పెట్టేశావు.” ఆమె చెయ్యెత్తి ఆపింది. “తిరక్కు. అటు చూడకు. తీసెయ్యి.”

“పిన్నీ...”

“తీసెయ్యమ్మా!”

ఫైళ్ల గది తెరిచాను. అంటే సైట్లో ఎక్కించినవన్నీ ఉండే చోటు. నూట పదిహేడు. నా వేళ్లు తప్పుడు అక్షరాలు కొడుతున్నాయి. స్క్రీన్ అంచున, వెనకున్న కిటికీ నీడ పడే నల్లటి చోట ఏదో కదిలింది. గుండ్రంగా. కిటికీ ఊచల అవతల... కాదు. ఇవతల.

ఫోటో మీద నొక్కాను. తీసెయ్యమంటారా? అవును. శాశ్వతంగా? అవును.

“పోయాడా?” అన్నాను.

“లేదు.” మస్తానమ్మ గొంతు పీలగా వచ్చింది. “చిన్నగా అయ్యాడు.”

అప్పుడు అర్థమైంది. ఒక ఫోటో ఎక్కిస్తే సైటు తన అవసరానికి దాన్ని ఐదు సైజుల్లో కాపీలు చేసుకుంటుంది. పెద్ద తెరకొకటి, ఫోనుకొకటి, జాబితాకొకటి. అసలుది తీసేసినా అవి మూలమూలల్లో ఉండిపోతాయి. ఒక్కొక్కటీ వెతికి తియ్యాలి.

మొదటిది దొరికింది. తీసేశాను. స్క్రీన్ అంచున ఉన్న గుండ్రటిది చిన్నదైంది. చిన్నదై... దగ్గరకొచ్చింది.

రెండోది. ఇంకా చిన్నది. ఇంకా దగ్గర.

మూడోది. నా కుర్చీ వెనక నీటిబొట్టు పడింది. ఒకటి. ఇంకొకటి.

నాలుగోది తీసేటప్పటికి వాసన నా జుట్టులో ఉంది. మస్తానమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె చూపు ఇప్పుడు కిటికీ మీద లేదు. నా కుడి భుజం మీద ఉంది.

“ఆకలి...” చెవి పక్కనే. మనిషి గొంతే. పెదాలు కదలని గొంతు.

ఐదోది గోరంత ఫోటో. ఎక్కడుంది... ఎక్కడుంది... పాత నెల ఫోల్డర్లో చేరింది. నొక్కాను. శాశ్వతంగా? అవును. అవును. అవును.

భుజం మీద చల్లగా తగిలింది. అంతే.

ఫ్యాను కదిలింది. కింద జిరాక్సు మిషను మూలిగింది. ఆటోవాడు మళ్లీ రేపల్లె అని అరిచాడు, మధ్యలో ఆపిందేమీ లేనట్టు.

మస్తానమ్మ చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. క్షమించమని అడిగితే నా చెయ్యి పట్టుకుని, “నువ్వు ఎరగవు, వాడు చెప్పలా,” అంది. నేను చెప్పిన అబద్ధం గురించి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

“ఇంక కర్మ చేయిస్తా. బొట్టు తీసేస్తా. ఆయన్ని పోనిస్తా,” అంది. వెంటనే కళ్లు తుడుచుకుని, బతుకు లెక్క చూసుకునే ఒడ్డుమీది మనిషైంది. “బోటు మాత్రం ఆపొద్దు తల్లీ. వాడికి అదొక్కటే ఆధారం. నా కొడుకు ఫోటో పెట్టు.”

సంఘం అధ్యక్షుడు యలమందకి ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పాను. ఆయన కాసేపు గొణిగి, “పేరు మార్పిడికి మీటింగు పెట్టాలమ్మాయ్. అది తర్వాత చూద్దాం. పేజీ అదే ఉంచి, ముందు ఫోటో మార్చు, కొడుకుది ఎక్కించు,” అన్నాడు. నాకు అది తేలికగానే అనిపించింది. మస్తానమ్మ మధ్యాహ్నం రైలుకి వెళ్లిపోయింది. మెట్లు దిగుతూ, “వాడిది బాగా పెట్టు,” అంది. పెడతానన్నాను.

నాగశివ ఫోటో వచ్చేసరికి నాలుగూ నలభై ఎనిమిది. ఈలోగా గదిలో ఎన్ని వందల అడుగులు వేశానో తెలీదు. పది సార్లు ఫోన్ చేశాను. ఐసు ఎక్కిస్తున్నానంటాడు, డీజిలు పడుతున్నానంటాడు. చివరికి ఫోటో పంపి, ఫోన్ చేశాడు.

“నాన్న ఫోటో తీసేశావంటగా అక్కా. అమ్మ చెప్పింది.”

“తీసేశాను.”

“మంచి పని చేశావు.” గొంతు సవరించుకున్నాడు. “నేనూ చూశానక్కా మూడేళ్లూ. చూడనట్టు పడుకున్నా. నాదే తప్పు.”

ఫోటో బాగుంది. ఇరవై ఆరేళ్ల కుర్రాడు, బోటు ముందు నిలబడి, పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. కాళ్లకి రబ్బరు చెప్పులు. కాళ్లున్నాయి. నోరు తెరిచి ఉంది. అలాగే ఎక్కిద్దామనుకున్నాను. ఒక్క వెంట్రుక కత్తిరించకుండా.

సైటు ఒప్పుకోలేదు. ఎర్రక్షరాల్లో వచ్చింది: మొహం స్పష్టంగా లేదు.

మళ్లీ ఎక్కించాను. మొహం స్పష్టంగా లేదు. బోటు కొంచెం తగ్గించి, మనిషిని నిలువునా ఉంచి ఎక్కించాను. మొహం స్పష్టంగా లేదు. నాలుగూ యాభై ఐదు. నడుము దాకా ఉంచితే? చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నాలుగూ యాభై ఏడు.

కత్తిరించకపోతే బోటు సీజనంతా ఒడ్డున. కత్తిరిస్తే...

కత్తిరిస్తే ఏమవుతుంది? ఆ పొద్దుటి నుంచి నూటతొంభై మంది మొహాలు గుండ్రంగా కోశాను. అందరూ బతికున్నవాళ్లు. అందరూ హాయిగా ఉన్నారు. వీడూ బతికున్నవాడే. ఇప్పుడే మాట్లాడాడు. పిచ్చి భయాలు పెట్టుకుని ఆ తల్లికిచ్చిన మాట తప్పుతానా?

నాలుగూ యాభై తొమ్మిది. మెడ దగ్గర గీత పెట్టి, గుండ్రంగా కత్తిరించి, ఎక్కించేశాను.

పేజీ పచ్చబడింది. ఐదైంది. తాళం పడింది. నూట పదిహేడో నంబరు. నాగశివ మొహం. కింద ఆ రోజు తేదీ. దాని కింద యజమాని పేరు: సింగయ్య.

పోయినవాడి పేరు మీద బతికున్నవాడి మొహం... అది చదివాక నేను కూర్చోలేకపోయాను.

ఫోన్ చేశాను. మొదటి రింగుకే తీశాడు. వెనక ఇంజన్ల చప్పుడు, జనం కేకలు.

“పచ్చగా వచ్చిందక్కా! చూశాను!”

“నాగశివా, బాగున్నావా?”

“బాగున్నా. ఏంటక్కా, అక్కడ మబ్బేసిందా?”

“లేదు. ఎప్పుడో పోయింది. ఎండ కాస్తోంది.”

“ఇక్కడ ఉన్నట్టుండి చీకటి పడిందక్కా. ఎదురుగా ఉన్నది బాగానే కనపడతంది. పక్కలన్నీ నలుపు. బావిలోంచి పైకి చూస్తే ఎట్టా ఉంటది... అట్టా.”

ఫోను చెవికి అదుముకున్నాను. “కూర్చో. ఎక్కడైనా పట్టుకుని కూర్చో.”

“కూర్చునే ఉన్నట్టున్నా.” నవ్వబోయాడు. “నిలబడ్డానో కూర్చున్నానో తెలవట్లేదక్కా. ఇదిగో, అమ్మ వచ్చేసింది. ఇప్పుడే ఆటో దిగి బోటెక్కింది.”

“అమ్మకి ఫోనివ్వు.”

ఇవ్వలేదు. అవతల ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. కేకలు ఆగిపోతున్నాయి. మస్తానమ్మ గొంతు ఒక్కసారి వినిపించింది. మాట కాదది. తర్వాత బోటు చెక్కల మీద అడుగులు.

“అమ్మేంటక్కా నా చుట్టూ తిరుగుతంది?” అన్నాడు నాగశివ. “నా వెనక్కెళ్లాలని చూస్తంది. ఎటెళ్లినా నాకు ఎదురుగానే ఉంటంది.”

నేను ఫోను పెట్టెయ్యలేదు. అతనూ ఇంకేం మాట్లాడలేదు. చెక్కల మీద ఆమె అడుగులు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి... చుట్టూ... చుట్టూ... ఎక్కడా ఆగకుండా.